అర అంగుళం మీద నడిచిన తండా: సైకిల్ చైన్, చైన్‌వీల్ జోడీ చరిత్ర



చరిత్ర అనంగానే మనకు రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు, జీవోలు గుర్తుకొస్తయి. అవన్నీ అవసరమే. కానీ మన తాతలు, బాపులు ఏ బండి మీద సంసారం లాక్కొచ్చిండ్రో ఆ బండి చరిత్ర ఎవరూ రాయరు. అందుకే ఈసారి సైకిల్ గురించి రాస్తున్నం. అందులోనూ పెడళ్ల దగ్గర ఉండే పళ్ల చక్రం, దాని మీద తిరిగే చైన్, ఈ రెండింటి జోడీ గురించి.

చిన్న విషయం లెక్క కనిపిస్తది. కానీ హాలియా చుట్టుపక్కల తండాల్లో, ఫ్రేము గట్టిగున్న పాత సైకిళ్లు కూడా పాత ఇనుప సామాన్లోళ్లకు కిలోల లెక్కన పోతున్నయి. ఎందుకు అమ్మిండ్రని అడిగితే ఒకటే జవాబు: "కొత్త చైన్ వేసినా జారుతుంది, సామాను కలుస్తలేదు." ఒకప్పుడు ఏ ఊళ్లో కొన్న సామాను అయినా ఎట్ల కలిసేది, ఇప్పుడు ఎందుకు కలుస్తలేదు అన్నది తెలిస్తే వీటిలో సగం సైకిళ్లు మళ్లా రోడ్డెక్కుతయి. బస్సు రాని తండా నుంచి కాలేజీకి పోయే పిల్లలకు అది చిన్న సంగతి కాదు.

ఎద్దు పోయి సైకిల్ వచ్చింది

"తండా" అనే మాటకు మొదటి అర్థం ఊరు కాదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాల మీద పోయే బిడారును తండా అనేటోళ్లు. మన లంబాడీల లదేణి అదే. దక్కనులో దండయాత్రలు చేసిన పెద్ద పెద్ద సేనలకు గింజలు చేరవేసింది మనోళ్ల ఎడ్లే. రైళ్లు, రోడ్లు వచ్చినంక ఆ వ్యాపారం పడిపోయింది. 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరిగే జాతులను పుట్టుకతోనే అనుమానించే పద్ధతి పెట్టిండ్రు. 1952లో ఆ జాబితాలు రద్దయేదాక ఆ మచ్చ పోలేదు. నడిచే తండా ఆగిపోయి గుట్టల పక్కన, పడావు భూముల్లో ఊరై కూర్చుంది.

తండా ఆగింది గానీ మోసే పని ఆగలేదు. కట్టెలు, పాలు, ఎరువు బస్తా, వడ్ల మూట, ఆఖరుకు దవాఖానకు పోయే ముసలోళ్లు కూడా ఏదో ఒక దాని మీద పోవాలె కదా. ఆ పని సైకిల్ చేసింది. ఎద్దుకు మేత వెయ్యాలె, సైకిల్‌కు చైన్ చూసుకోవాలె. తేడా అంతే.

చైన్ లేని సైకిల్

1860లల్లో ఫ్రాన్స్‌లో తయారైన సైకిళ్లకు పెడళ్లు ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరిగేది. వేగం కావాలంటే చక్రమే పెద్దది చేయాలె. అట్ల 1870లల్లో మనిషి ఎత్తు ముందు చక్రం ఉన్న సైకిళ్లు వచ్చినయి. 52 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 4.15 మీటర్లు పోతది. కాళ్లు ఎంత పొడుగుంటే అంత పెద్ద చక్రం. దారిలో రాయి తగిలితే మనిషి తలకిందులు. ఆడోళ్లు, పొట్టోళ్లు, బరువు మోసేటోళ్లు దాని దగ్గరికి కూడా పోలేరు. అది పైసలున్న యువకుల ఆట వస్తువు.

దాన్ని అందరి బండిగా మార్చింది చైన్. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్, బట్టల మిల్లుల యంత్రాలకు చైన్లు చేసే చిన్న కార్ఖానాను 1879లో కొన్నడు. మరుసటేడు, 1880లో, బుష్ రోలర్ చైన్‌కు పేటెంట్ తీసుకున్నడు. దాని ఉపాయం ఏందంటే, పిన్ను చుట్టూ ఒక గొట్టం, అంటే బుష్, దాని మీద తిరిగే ఇంకో గొట్టం, అంటే రోలర్. చక్రం పంటికి తగిలేది రోలర్. అది రాసుకోకుండా దొర్లుతది కాబట్టి అరుగుదల తగ్గుతది. ఇప్పుడు మన సైకిళ్ల మీదున్న చైన్ల మూలం ఇదే.

1885లో కోవెంట్రీ పట్నంలో జాన్ కెంప్ స్టార్లీ "రోవర్" సైకిల్ తెచ్చిండు. దాదాపు సమానమైన రెండు చక్రాలు, మధ్యలో పెడళ్లు, పెడళ్ల నుంచి వెనుక చక్రానికి చైన్. ఇక వేగం కోసం చక్రం పెంచాల్సిన పని లేదు. ముందు పళ్లు ఎన్ని, వెనుక పళ్లు ఎన్ని అన్నదే లెక్క. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మన తాతలు తొక్కిన సైకిల్ రూపం అప్పటికే తయారైపోయింది.

అర అంగుళం ఎట్ల నిలబడ్డది

చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్య దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటరు. మొదట్లో ఒక అంగుళం పిచ్ ఉన్న చైన్లు బాగా నడిచినయి. తర్వాత అర అంగుళం పిచ్, అంటే 12.7 మిల్లీమీటర్లు, ముందుకొచ్చింది. పిచ్ చిన్నదైతే అదే సైజు చక్రం మీద ఎక్కువ పళ్లు వస్తయి. బరువు ఎక్కువ పళ్ల మీద పంచుకుంటది, తిరుగుడు మెత్తగుంటది. అమెరికాలో కొన్ని సైకిళ్లకు అంగుళం చైన్లు రెండో ప్రపంచ యుద్ధం కాలం దాక ఉన్నయి. మిగతా చోట్ల అర అంగుళమే రాజ్యమేలింది.

దీన్ని మార్చాలని పెద్ద కంపెనీ ప్రయత్నం చేయలేదని కాదు. జపాన్‌కు చెందిన షిమానో 1970ల చివర్లో రేసు సైకిళ్ల కోసం 10 మిల్లీమీటర్ల పిచ్ చైన్ తెచ్చింది. బరువు తగ్గుతదన్నరు. కానీ దానికి ముందు చక్రం వేరే, వెనుక చక్రం వేరే, చైన్ వేరే కొనాలె. ఒక్కటి పోయినా పక్క దుకాణంలో దొరకదు. అది నిలబడలేదు. అప్పటికే కోట్ల సైకిళ్లు అర అంగుళం మీద తిరుగుతున్నయి. వాటిని కాదనడం అంత పెద్ద కంపెనీకి కూడా చేతకాలేదు.

కొలత ఎంత ముఖ్యమో చెప్పడానికి బీఎస్‌ఏ కథ చాలు. బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేటోళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ. తుపాకీలో ఒక ముక్క పోతే ఇంకో ముక్క అచ్చంగా సరిపోవాలె. ఆ అలవాటుతోనే వాళ్లు సైకిల్ సామాను చేసిండ్రు. పెడళ్ల మధ్య ఇరుసు కూర్చునే గొట్టానికి 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరల కొలతను ఇప్పటికీ ప్రపంచమంతా బీఎస్‌ఏ మర అనే పిలుస్తది. అదే ఇంగ్లాండ్‌లో రాలీ కంపెనీ తన సొంతంగా అంగుళానికి 26 మరలు పెట్టుకుంది. చూడటానికి రెండూ ఒకటే. బలవంతంగా తిప్పితే మర పోతది. సామాను కలవకపోవడం అనే బాధ మనతో మొదలు కాలేదు.

లూధియానా నుంచి హాలియా దాక

స్వాతంత్ర్యం ముందు మన దగ్గర తిరిగిన మంచి సైకిళ్లు ఎక్కువగా ఇంగ్లాండ్ నుంచి వచ్చినవే. రాలీ, హెర్క్యులెస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ పేర్లు. ఊళ్లో సైకిల్ ఉందంటే పటేల్ ఇంట్లోనో, పట్వారీ ఇంట్లోనో ఉండాలె. స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడే ఫ్యాక్టరీలు వచ్చినయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, హర్యానాలోని సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలైనయి. బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ ఉండేది. చైన్ల కోసం ప్రత్యేకంగా 1960లో మద్రాసులో టీఐ డైమండ్ చైన్ కంపెనీ వచ్చింది. 1986లో హీరో ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

లూధియానా ఎట్ల ఎదిగిందో మన పిల్లలు గమనించాలె. అక్కడ ఒకే కప్పు కింద మొత్తం సైకిల్ తయారుకాలేదు. చిన్న చిన్న షెడ్లలో ఒకరు కాటర్ పిన్నులు, ఒకరు చైన్‌వీళ్లు, ఒకరు పుల్లలు చేసిండ్రు. వెయ్యి చేతుల్లో తయారైన ముక్కలు ఒక్క సైకిల్‌లో కూర్చోవాలంటే అందరి కొలత ఒకటే ఉండాలె. 1947లో పెట్టిన భారతీయ ప్రమాణాల సంస్థ, ఐఎస్‌ఐ ముద్ర, ఈ పనికే పనికొచ్చినయి. కొలత ఒకటైనందుకే ధర దిగింది. ధర దిగినందుకే సైకిల్ పటేల్ ఇంటి నుంచి తండా దాక వచ్చింది.

మన వైపు సంగతి చూద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలిండ్రు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ మిల్లుల పట్నమైంది, హాలియా అంగడి ఊరైంది. నీళ్లు అందరి భూములకు ఎక్కలేదు గానీ కూలి పని, కాలువ కట్ట, కట్ట మీద దారి వచ్చినయి. పెద్దవూర, తిరుమలగిరి, త్రిపురారం, నిడమనూరు దిక్కు తండాలోళ్లకు నాటుకు, కోతకు పోవాలన్నా, హాలియాల సామాను తెచ్చుకోవాలన్నా సైకిలే.

1976 చట్టంతో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది. హాస్టళ్లు, ఉపకార వేతనాలు అందినయి. తండా నుంచి హైస్కూల్ మెట్లెక్కిన తొలి తరం పిల్లల్లో చాలామంది బాపు సైకిల్ మీద, డండాకు అటు ఇటు కాలు పెట్టి కైంచి తొక్కుకుంట పోయినోళ్లే. సొంత సైకిల్ లేనోళ్లు గంటల లెక్కన కిరాయికి తెచ్చుకున్నరు. పుస్తకం చేతిలోకి రావడానికి రిజర్వేషన్ ఎంత అవసరమో, బడి దాక పోవడానికి చైన్ కూడా అంతే అవసరం పడ్డది.

పళ్ల లెక్క

ఇప్పుడు జోడీ సంగతికి వద్దాం. ముందు చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నయనుకుందాం. 28 అంగుళాల పెద్ద సైకిల్ మీద పెడల్ ఒక చుట్టు తిప్పితే దాదాపు 5.5 మీటర్లు పోతది. ముందు 48 ఉంటే దాదాపు 6 మీటర్లు. వేగం ఎక్కువ, కానీ ఎదురెక్కుడుకు తొడలు పట్టేస్తయి. ముందు 44 ఉంచి వెనుక 20 వేస్తే 4.9 మీటర్లు. మెల్లగ పోతది, బరువు మాత్రం లాగుతది. పాల క్యాన్లు, గడ్డి మోపులు మోసేటోళ్లకు ఇదే మేలు. ఎదురెక్కుడు కష్టంగుందని సైకిల్ అమ్మేసే ముందు వెనుక ఫ్రీవీలు మార్చి చూడాలె. రెండు పళ్లు పెరిగితే వెనుక చక్రం కొంచెం ముందుకు జరిపితే చైన్ సరిపోతది.

చైన్ ఎందుకు సాగుతది అని చాలామంది అడుగుతరు. నిజానికి ఇనుము సాగదు. లోపల పిన్ను, బుష్ అరిగి ప్రతి కీలు దగ్గర వెంట్రుక మందం సందు వస్తది. వందకు పైగా కీళ్లలో ఆ సందులన్నీ కలిసి చైన్ పొడుగైతది. అర అంగుళం చైన్ అర అంగుళం మీద కొంచెమైతది. అప్పుడది పంటి మొదట్లో కూర్చోకుండా పైకి ఎక్కి, పళ్లను కూడా తన కొలతకు తగ్గట్టు అరగదీస్తది. పళ్లు కొడవలి మొన లెక్క వంగుతయి.

ఇద్దరూ కలిసి ముసలైన ఆ జోడీలో ఒక్కరినే మార్చి కొత్త చైన్ వేస్తే ఏమైతది? కొత్త చైన్‌కు నిఖార్సైన అర అంగుళం, పాత పళ్లకు అరిగిన కొలత. బరువు పడంగనే టక్కున జారుతది. ముందుగా జారేది వెనుక ఫ్రీవీలు దగ్గర. దానికి పళ్లు తక్కువ, తిరుగుడు ఎక్కువ కాబట్టి తొందరగ అరుగుతది. ముందు చైన్‌వీల్‌కు పళ్లు ఎక్కువ కాబట్టి రెండు మూడు చైన్ల దాక ఓర్చుకుంటది. అందుకే బాగా అరిగినంక చైన్, ఫ్రీవీలు కలిపి మార్చాలె. "కొత్త చైన్ కూడా మంచిగ లేదు" అని సైకిల్‌ను ఇనుపోళ్లకు అమ్మేది ఈ ఒక్క మాట తెలియకనే.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. అంగుళాల గీతలున్న స్కేలు గానీ, మేస్త్రీ టేపు గానీ తీసుకోండి. చైన్‌ను బిగువుగ పెట్టి ఒక పిన్ను నడిమధ్య సున్నా గీత పెట్టండి. 12 అంగుళాల గీత దగ్గర ఇంకో పిన్ను నడిమధ్య సరిగ్గా రావాలె. 1/16 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ దాటిందంటే చైన్ మార్చే టైమ్ వచ్చినట్టు. అప్పుడే మారిస్తే ఫ్రీవీలు బతుకుతది. 1/8 అంగుళం దాటిందంటే ఫ్రీవీలు కూడా పోయినట్టే లెక్క. గేర్లు లేని సైకిల్ ఇంకొంచెం ఓర్చుకుంటది గానీ కొలత చూడటం మాత్రం అదే పద్ధతి. వాడిన ఇంజన్ ఆయిల్ పోసి వదిలేస్తే దుమ్ము అంటుకుని సానరాయి లెక్క పనిచేస్తది. నూనె వేసినంక పైన గుడ్డతో తుడవాలె.

వెడల్పు దగ్గర వచ్చిన చిక్కు

పిచ్ మారలేదు, మరి సామాను ఎందుకు కలుస్తలేదు? మారింది వెడల్పు. మన పెద్ద సైకిల్ చైన్ లోపలి వెడల్పు 1/8 అంగుళం. గేర్లు వచ్చినంక వెనుక పళ్ల చక్రాలు పక్కపక్కన పేర్చాల్సి వచ్చింది, అందుకని చైన్ సన్నబడ్డది. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో చైన్‌ను పక్కకు జరిపే గేర్లను 1937లో ఒప్పుకున్నరు. ఆ తర్వాత గేర్ సైకిళ్ల చైన్‌కు లోపలి వెడల్పు 3/32 అంగుళం స్థిరపడ్డది. వెనుక 5 నుంచి 8 చక్రాల దాక అదే నడుస్తది. 9, 10, 11, 12 చక్రాలు వచ్చినకొద్దీ చైన్ బయటి మందం ఇంకా తగ్గింది. 8 చక్రాల చైన్ దాదాపు 7.1 మిల్లీమీటర్లుంటే 11 చక్రాలది 5.5 దగ్గరుంటది.

దుకాణంలో ఇవన్నీ చూడటానికి ఒకటే లెక్క ఉంటయి. గుర్తు పెట్టుకోవాల్సింది మూడు మాటలు. ఒకటి, పెద్ద సైకిల్ మందపు పళ్ల మీద గేర్ సైకిల్ సన్న చైన్ వెయ్యొద్దు. అది పళ్ల మధ్యల దిగదు, మీదనే కూర్చుని ఊడిపోతది. రెండు, గేర్లు లేని సైకిల్‌కు సన్న పళ్ల చైన్‌వీల్ ఉంటే 1/8 చైన్ నడుస్తది. వెడల్పుది సన్నదాని మీద పడుతది గానీ, సన్నది వెడల్పుదాని మీద పట్టదు. మూడు, హైదరాబాద్ దిక్కు నుంచి సెకండ్ హ్యాండ్‌లో వస్తున్న వంపు హ్యాండిల్ పాత రేసు సైకిళ్లకు ముందు రెండు పళ్ల చక్రాలుంటయి. వాటి నడుమ సందు పాత చైన్‌కు తగ్గట్టు పెట్టింది. కొత్త 10, 11 చక్రాల చైన్ వేస్తే ఆ సందులో పడి ఇరుక్కుంటది. వాటికి 6-7-8 అని రాసున్న చైన్ అడిగి తీసుకోవాలె. ఖరీదైనది మంచిదనుకుని సన్నది కొంటే పైసలు పోతయి, సైకిల్ నడవదు.

క్రాంకు మార్చేటప్పుడు కూడా చూసుకోవాలె. పాత సైకిళ్లకు క్రాంకు ఇరుసు మీద కాటర్ పిన్ను అనే చీలతో బిగుస్తది. కొత్త రకానికి నలుపలకల ఇరుసు. ఒకదాని క్రాంకు ఇంకోదానికి ఎక్కదు. చాలా దేశీ సైకిళ్లకు చైన్‌వీల్ కుడి క్రాంకుకే కొట్టి ఉంటది, కాబట్టి పళ్ల లెక్క మార్చాలంటే రెండూ కలిపే మార్చాలె. ఇరుసు పొడవు తేడా వస్తే ముందు చక్రం, వెనుక చక్రం ఒక గీతలో ఉండవు. చైన్ అడ్డంగ లాగి గరగర మంటది. ఎడమ పెడల్‌కు ఉల్టా మర ఉంటదని మర్చిపోతే కొత్త క్రాంకు ఒక్క నిమిషంలో పాడైతది.

కంపెనీ పోయినా బండి పోలేదు

సేన్-రాలీ ఎప్పుడో మూతపడ్డది. అట్లాస్ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, ఆగిపోయింది. అయినా మన తండాల్లో అట్లాస్ సైకిళ్లు తిరుగుతనే ఉన్నయి. ఎట్ల? హీరోకు వేసే చైన్ దానికి పడుతది, ఇంకో కంపెనీ ఫ్రీవీలు దానికి పడుతది. కంపెనీ దివాలా తీసినా కొలత దివాలా తీయలేదు. పేదోడి బండి కంపెనీ దయ మీద కాదు, అందరిదైన కొలత మీద నడిచింది. ఈ చరిత్రలో మేం నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే.

ఫోన్ బ్యాటరీ అయినా, ట్రాక్టర్ పార్టు అయినా, బోరు మోటారు అయినా, "మా కంపెనీదే వెయ్యాలె" అనే కాలం ఇది. వాళ్ల దగ్గరనే కొనాలె, వాళ్ల మనిషే వచ్చి విప్పాలె. మన యాడీ బాపుల చేతుల్లో ఉన్న బండి మాత్రం ఒక పానా, ఒక సుత్తె ఉంటే ఊళ్లోనే బాగయ్యేది. ఆ బాగుచేసే విద్య తెలిసిన మెకానిక్‌లు హాలియాలనైనా మిర్యాలగూడలనైనా ఇప్పుడు ముసలోళ్లైతున్నరు. వాళ్ల కొడుకులు బైక్ షెడ్లలో ఉన్నరు. ఏ పళ్లకు ఏ చైన్ అని వేలితో తడిమి చెప్పే ఆ తెలివి ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లతోనే పోతది.

అందుకే తమ్ముళ్లు, చెల్లెళ్లు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకోండి. మీ తండాలో ఎన్ని పాత సైకిళ్లున్నయి, ఏ కంపెనీవి, ఎప్పుడు కొన్నరు, ముందు ఎన్ని పళ్లు, వెనుక ఎన్ని పళ్లు, చైన్ 12 అంగుళాల దగ్గర ఎంత దాటింది రాసుకోండి. దాని మీద ఏమేం మోసిండ్రో, ఎవరిని బడికి తీసుకపోయిండ్రో పెద్దోళ్లను అడిగి అది కూడా రాయండి. మీ ఊరి మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చుని కాటర్ పిన్ను ఎట్ల దిగ్గొడతడో చూడండి. తండాకు ఇద్దరు నేర్చుకున్నా పది సైకిళ్లు లేస్తయి. ఆ రాతలన్నీ ఒక దగ్గర కలిపితే మన రవాణా చరిత్ర మనమే రాసుకున్నట్టు. అమ్మాలనుకునే సైకిల్ ఉంటే, అమ్మే ముందు ఒక్కసారి పళ్లు లెక్కపెట్టి చైన్ కొలిచి చూడమని మీ ఇంట్లో చెప్పండి.